నేను పంపిన మెయిల్ ఏది? థండర్‌బర్డ్‌లోనూ మరికొన్ని చోట్లా వేరుచేసే పద్ధతి

మీరు అడిగినదాన్ని ముందు కుదించి చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీది ఆడిటరు ఆఫీసు. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో రెండు ఖాతాలు నడుపుతున్నారు: ఒకటి సొంత జీమెయిల్, రెండోది ఆఫీసు డొమైన్ మీద ఉన్నది. వీటికి తోడు ఆఫీసులో అందరికీ చేరే గ్రూపు చిరునామా ఒకటి ఉంది. గ్రూపుకు మీరు రాసిన మెయిల్ మీకే కొత్తదానిలా తిరిగి వచ్చి గంట కొడుతోంది. క్లయింట్ల మెయిళ్లు వారి వారి ఫోల్డర్లలో ఉంటే, మీ జవాబులు మాత్రం సెంట్‌లో విడిగా పడి ఉంటున్నాయి. దీనికి విరుగుడుగా "ఫ్రమ్‌లో నా పేరుంటే పక్కన పెట్టు" అని ఫిల్టరు పెట్టారు. అది కొన్నింటిని పట్టుకుంది, కొన్నింటిని వదిలేసింది, పైగా మీ సహోద్యోగి రాసిన మెయిల్ ఒకదాన్ని మింగేసింది.

సహోద్యోగి మెయిల్‌తోనే మొదలుపెడతాను. మీ ఫిల్టరు పేరును చూస్తోంది. తెలుగువాళ్ల ఆఫీసులో పేరు మీద ఫిల్టరు పెట్టడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. ఒక్క అంతస్తులో ముగ్గురు శ్రీనివాసులు, ఇద్దరు లక్ష్ములు ఉంటారు. ఇంటి పేరును ఒకరు ముందు రాస్తారు, ఒకరు వెనక రాస్తారు, ఇంకొకరు పొడి అక్షరంతో సరిపెడతారు. అదే మనిషి ఫోనులో ఒక రకంగా, కంప్యూటర్‌లో మరో రకంగా పేరు పెట్టుకుని ఉంటాడు. ముచ్చటపడి పేరును తెలుగు లిపిలో పెట్టుకున్నవారి సంగతి మరీ చిక్కు. మెయిల్ పైభాగంలో ఫ్రమ్, టు లాంటి గీతలుండే హెడర్‌లో తెలుగు అక్షరాలు సాధారణంగా నేరుగా ప్రయాణించవు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్పిన పద్ధతిలో, ముందు యుటిఎఫ్-8 అనే ముద్ర వేసుకుని, ఇంగ్లిషు అక్షరాలూ అంకెలూ కలగలిసిన పొడవాటి గొలుసుగా మారి వెళతాయి. థండర్‌బర్డ్ దాన్ని విప్పి మీకు తెలుగులోనే చూపిస్తుంది. పాతకాలపు ఫిల్టరు స్క్రిప్టులు చాలావాటికి ఆ విప్పడం రాదు, అవి గొలుసునే చూస్తాయి. కాబట్టి పేరును వదిలేయండి. ఫిల్టరు ఎప్పుడూ చిరునామాను చూడాలి.

అయితే చిరునామాతో కూడా పని పూర్తికాదు. "నేను పంపినది" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, సాఫ్ట్‌వేరుకు అవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఈ కాపీ ఏ ఫోల్డరులో ఉంది? ఫ్రమ్ గీతలో ఎవరి చిరునామా ఉంది? నిజంగా ఎవరు పంపారు? చాలా రోజులు మూడింటికీ ఒకే జవాబు వస్తుంది కాబట్టి తేడా కనిపించదు. మీ గ్రూపు మెయిల్ లాంటిది ఎదురైనప్పుడు మూడూ మూడు దారులు పడతాయి.

మెయిల్ పంపినప్పుడు లోపల జరిగేది ఒక్క పని కాదు, రెండు. థండర్‌బర్డ్ మొదట ఎస్‌ఎమ్‌టీపీ అనే పద్ధతిలో మెయిల్‌ను పంపే సర్వరుకు అందజేస్తుంది. ఆ తర్వాత, దానితో సంబంధం లేకుండా, సర్వరు మీది ఫోల్డర్లను నిర్వహించే ఐమ్యాప్ అనే పద్ధతి ద్వారా మరో కాపీని తీసుకెళ్లి మీ సెంట్ ఫోల్డరులో పెడుతుంది. మొదటిది విఫలమైతే మెయిల్ పోదు. రెండోది విఫలమైతే మెయిల్ పోతుంది గానీ మీ దగ్గర ఆనవాలు ఉండదు. "మెయిల్ వెళ్లింది కానీ సెంట్‌లో లేదు" అనే ఫిర్యాదు వెనుక ఎక్కువగా ఉండేది ఇదే. ఇక్కడ మీకు కావలసిన సంగతి ఇంకొకటి ఉంది. సర్వరు మీద నడిచే ఫిల్టర్లు, ఉదాహరణకు సీవ్ భాషలో రాసేవి, మెయిల్ బయటి నుంచి వచ్చి మీ పెట్టెలో పడే క్షణంలో పనిచేస్తాయి. సెంట్‌లోని కాపీ ఆ గుమ్మం గుండా రాలేదు, మీ కంప్యూటరే నేరుగా లోపల పెట్టింది. అందుకే వచ్చిన మెయిల్ కోసం రాసిన ఫిల్టరు ఎంత పకడ్బందీగా ఉన్నా సెంట్‌ను ముట్టుకోదు. సీవ్‌కు ఐమ్యాప్ సంఘటనలు కూడా తెలిసేలా 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6785 వచ్చింది, డవ్‌కాట్ సర్వరులో దానికి ప్లగిన్ ఉంది. కానీ అది సర్వరు నడిపేవారు పెట్టాలి, మన చేతిలో ఉండదు.

ఇక ఫ్రమ్ గీత. పోస్టు కవరు వెనక "పంపువారు" అని రాసే చిరునామా ఎంత నమ్మదగినదో ఇదీ అంతే: ఎవరైనా ఏదైనా రాయవచ్చు. మీ ఆఫీసులోనే చూడండి. జిరాక్సూ స్కానూ కలిసిన పెద్ద యంత్రం ఉండే ఉంటుంది. కాగితం పెట్టి బటన్ నొక్కితే పీడీఎఫ్ మెయిల్‌కు వస్తుంది. దాన్ని బిగించినవారు చాలా చోట్ల ఫ్రమ్‌లో కూడా ఎవరో ఒక ఉద్యోగి చిరునామానే ఇచ్చేసి వెళతారు, ఎందుకంటే ఆ గడి ఖాళీగా ఉంటే సర్వరు ఒప్పుకోదు. ఆ ఉద్యోగి మీరే అయితే, స్కాన్ చేసిన ప్రతి బ్యాలెన్స్ షీటూ "మీ నుంచి మీకు" వస్తుంది. ఆఫీసు వెబ్‌సైటులోని సంప్రదింపు ఫారమ్ కూడా కొన్నిసార్లు ఇదే వేషం వేస్తుంది: క్లయింటు నింపిన వివరాలు మీ చిరునామా పేరుతోనే మీకు చేరతాయి. "ఫ్రమ్ నేనైతే తీసేయి" అని ఫిల్టరు పెట్టినవారు క్లయింటు విచారణలను కూడా దాంతోపాటే చెత్తబుట్టలో వేస్తున్నట్టే. ఈ కారణంగా ఒక నియమం గట్టిగా చెబుతాను: సొంత చిరునామా మీద పెట్టే ఏ ఫిల్టరులోనూ "తొలగించు" అనే చర్య ఉండకూడదు. ట్యాగ్ పెట్టండి, చదివినట్టు గుర్తు పెట్టండి, వేరే ఫోల్డరుకు మార్చండి. తొలగించకండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2018 నుంచి బెదిరింపు మెయిళ్లు విరివిగా తిరుగుతున్నాయి: "నీ ఖాతాలోకి చొరబడ్డాను, కావాలంటే చూడు, ఈ మెయిల్ నీ చిరునామా నుంచే పంపుతున్నాను, బిట్‌కాయిన్ కట్టు" అని. ఖాతాలోకి ఎవరూ చొరబడనక్కరలేదు, కవరు మీద మీ చిరునామా రాస్తే చాలు. ఇలాంటిది వస్తే మెయిల్ మూలంలో (తెరిచి కంట్రోల్‌తోపాటు "యు" నొక్కితే కనిపిస్తుంది) "అథెంటికేషన్-రిజల్ట్స్" అనే గీత చూడండి. మీ సర్వరు వేసిన ఆ గీతలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే, పంపిన చిరునామా నిజమైనదేనా అని చూసే మూడు పరీక్షల ఫలితాలు ఉంటాయి. నిజంగా మీ చిరునామా నుంచి సక్రమమైన దారిలో వచ్చినదైతే డీమార్క్ దగ్గర "పాస్" అని ఉండాలి. కొందరు తమ మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయని సొంత చిరునామానే "ఎప్పుడూ స్పామ్‌కు పంపవద్దు" జాబితాలో చేర్చుకుంటారు. అది మోసగాడికి వీధి తలుపు తీసి పెట్టడమే. మీరు అలా చేర్చి ఉంటే ఈ రోజే తీసేయండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. నా పద్ధతి ఇది: పంపిన మెయిల్‌ను తర్వాత వెతికి పట్టుకోవడం కాకుండా, పంపిన క్షణంలోనే దానికి ముద్ర వేసేయాలి. ఆ ముద్ర ఉన్నది ఏ ఫోల్డరుకు వెళ్లినా మీదే.

మొదట థండర్‌బర్డ్ అడ్రస్ బుక్‌లో కొత్త పుస్తకం ఒకటి తెరవండి, పేరు "నేను" అని పెట్టండి. అందులో మీ చిరునామాలన్నీ చేర్చండి, ఇప్పటివే కాదు, పాతవి కూడా. కాలేజీ రోజుల యాహూ, రెడిఫ్‌మెయిల్, బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్లు కనెక్షన్‌తోపాటు ఇచ్చిన డేటావన్, పాత ఉద్యోగపు చిరునామా, ఏది ఉంటే అది. పదేళ్ల నాటి మెయిళ్లు దిగుమతి చేసుకున్నప్పుడు వాటి విలువ తెలుస్తుంది. జీమెయిల్ చిరునామాలో చుక్కలు ఉన్నా లేకున్నా జీమెయిల్‌కు ఒక్కటే గానీ, అడ్రస్ బుక్‌కు అవి రెండు వేర్వేరు చిరునామాలు. చుక్కతో ఒకటి, చుక్క లేకుండా ఒకటి రాయండి. పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి వాడే మారు చిరునామాలతో మీరు ఎప్పుడైనా పంపి ఉంటే వాటినీ చేర్చండి. గ్రూపు చిరునామాను మాత్రం ఇందులో చేర్చవద్దు. అది మీది కాదు, అందరిదీ.

ఈ పుస్తకం వల్ల లాభం ఏమిటంటే, ఫిల్టరులో "ఫ్రమ్" పక్కన "నా అడ్రస్ బుక్‌లో ఉంది" అనే షరతు దొరుకుతుంది, దాని పక్కన "నేను" పుస్తకాన్ని ఎంచుకోవచ్చు. ఒక్కో చిరునామాకు ఒక్కో గీత రాసే పని తప్పుతుంది. రేపు చిరునామా మారితే పుస్తకంలో ఒక్క చోట చేరిస్తే అన్ని ఫిల్టర్లకూ తెలిసిపోతుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో ట్యాగ్‌ల దగ్గర "నాది" అని కొత్త ట్యాగ్ సృష్టించి, కంటికి ఇంపైన రంగు ఇవ్వండి. చాలామంది ఎరుపు ఇస్తారు. వద్దు, ఎరుపు చూసినప్పుడల్లా ఏదో ముంచుకొచ్చినట్టు ఉంటుంది. లేత నీలమో బూడిద రంగో చాలు. జాబితాలో మీ మెయిళ్లు వెనక్కి తగ్గి, ఎదుటివారివి ముందుకు కనిపించాలి.

ఇప్పుడు టూల్స్ మెనూలో మెసేజ్ ఫిల్టర్స్ తెరవండి. పైన ఖాతా ఎంచుకునే గడి ఉంటుంది, పంపిన కాపీ ఏ ఖాతా సెంట్‌లో పడుతుందో ఆ ఖాతా ఎంచుకోండి. కొత్త ఫిల్టరు తెరిస్తే "ఎప్పుడు పనిచేయాలి" అనే భాగంలో కొన్ని టిక్ పెట్టెలు కనిపిస్తాయి. మామూలుగా "కొత్త మెయిల్ వచ్చినప్పుడు" అనేదానికి టిక్ ఉంటుంది. దాన్ని తీసేసి "పంపిన తర్వాత" అనేదానికి, "నేను నడిపినప్పుడు" అనేదానికి టిక్ పెట్టండి. ఈ "పంపిన తర్వాత" సదుపాయం 2015లో వచ్చిన 38వ వెర్షన్ నుంచి ఉంది. అయినా దాన్ని వాడేవారు తక్కువ, ఎందుకంటే ఆ మూలకు ఎవరూ చూడరు. షరతు: ఫ్రమ్, నా అడ్రస్ బుక్‌లో ఉంది, "నేను". చర్య: "నాది" ట్యాగ్ పెట్టు. అంతే.

ట్యాగ్ వల్ల ఇంకో మేలు ఉంది. సర్వరు ఒప్పుకుంటే థండర్‌బర్డ్ ఈ ట్యాగ్‌ను ఐమ్యాప్ గుర్తుగా సర్వరు మీదే రాసిపెడుతుంది. అప్పుడు ఇంట్లోని రెండో కంప్యూటర్‌లో తెరిచినా అది కనిపిస్తుంది. రెండో చోట కూడా అదే పేరుతో ట్యాగ్ సృష్టించుకోవాలి, రంగు ఆ కంప్యూటర్ సొంత వ్యవహారం.

మీ రెండో ఇబ్బంది, జవాబులు విడిపోవడం, ఇప్పుడు తేలిక. అకౌంట్ సెట్టింగ్స్‌లో "కాపీస్ అండ్ ఫోల్డర్స్" అనే పేజీ ఉంది. అక్కడ "జవాబులను, ఏ మెయిల్‌కు జవాబు ఇస్తున్నామో ఆ మెయిల్ ఉన్న ఫోల్డరులోనే పెట్టు" అనే టిక్ ఉంటుంది. అది పెడితే, క్లయింటు ఫోల్డరులోని మెయిల్‌కు మీరు ఇచ్చిన జవాబు కూడా ఆ ఫోల్డరులోనే, ఆ వరుసలోనే కింద కూర్చుంటుంది. జీఎస్‌టీ నోటీసు మీద క్లయింటుతో నడిచిన చర్చ అంతా ఒక్క చోట చదువుకోవచ్చు. దీనికి ఒక మూల్యం ఉంది: అలాంటి జవాబులు ఇక సెంట్‌లో ఉండవు. ట్యాగ్ లేనివారు ఇక్కడే కంగారుపడి టిక్ తీసేస్తారు. మీకు ఆ కంగారు అక్కరలేదు, ముద్ర వేశాం కాబట్టి.

నిలువు పట్టీల్లో "ఫ్రమ్" బదులు "కరెస్పాండెంట్స్" అనే పట్టీ పెట్టుకోండి. మెయిల్ వచ్చినదైతే పంపినవారి పేరు, మీరు పంపినదైతే బాణం గుర్తుతో అందుకున్నవారి పేరు చూపిస్తుంది. కలిపిన ఫోల్డరులో "నేను, నేను, నేను" అని మీ పేరే వరుసగా కనిపించే విసుగు పోతుంది.

అన్ని ఖాతాల్లో మీరు రాసినవన్నీ ఒకే చోట కావాలంటే సేవ్డ్ సెర్చ్ పెట్టండి. ఫైల్ మెనూలో న్యూ కింద ఉంటుంది. వెతకాల్సిన ఫోల్డర్లుగా అన్ని సెంట్‌లనూ, క్లయింట్ల ఫోల్డర్లనూ ఎంచుకుని, షరతుగా "నాది" ట్యాగ్ గానీ, "నేను" పుస్తకం గానీ ఇవ్వండి. పుస్తకం షరతు ఇస్తే "ఆన్‌లైన్‌లో వెతుకు" టిక్ తీసి ఉంచండి. మీ అడ్రస్ బుక్‌లో ఏముందో సర్వరుకు తెలియదు, వెతుకులాట మీ కంప్యూటర్‌లోనే జరగాలి. ఎప్పుడో ఒకసారి చూసుకోవడానికైతే ఇంత అక్కరలేదు. పైన ఉండే పెద్ద వెతుకు పెట్టెలో క్లయింటు పేరు కొట్టి, ఫలితాల పక్కన వచ్చే "నా నుంచి" అనే టిక్ నొక్కితే చాలు.

ఫోను నుంచి పంపినవాటి మాట చెప్పకపోతే మళ్లీ అడుగుతారు. ఫోనులోని యాప్‌కు థండర్‌బర్డ్ ఫిల్టరు తెలియదు, కాబట్టి వాటికి ముద్ర పడదు. అప్పుడప్పుడు సెంట్ ఫోల్డరు మీద నిలబడి, టూల్స్ మెనూలో "ఫోల్డరు మీద ఫిల్టర్లు నడుపు" అన్నది నొక్కండి. ఇందాక "నేను నడిపినప్పుడు" టిక్ పెట్టమన్నది ఇందుకే. పాత మెయిళ్లన్నింటికీ ఒకేసారి ముద్ర వేయడానికి కూడా ఇదే దారి. ఫోను నుంచి పంపినవి మీ సెంట్‌లో అసలు కనిపించకపోతే, ఫోల్డర్ల జాబితాలో "సెంట్ మెసేజెస్" అనో "సెంట్ ఐటమ్స్" అనో ఇంకొకటి ఉందేమో చూడండి. ఒక్కో యాప్ తనకు నచ్చిన పేరుతో పెట్టె తెరుచుకునేది. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6154 వచ్చి, "పంపినవి దాచే పెట్టె ఇది" అని సర్వరే చెప్పే ఏర్పాటు చేసింది. కానీ పాత ఖాతాల్లో ఆ జంట పెట్టెలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఫోను యాప్ సెట్టింగ్స్‌లో సెంట్ ఫోల్డరు ఏదో చేత్తో చూపించి, రెండింటినీ కలిపేయండి.

జీమెయిల్ ఖాతాకు మాత్రం పై లెక్క కొంచెం మారుతుంది. జీమెయిల్ పంపే సర్వరు, మెయిల్ వెళ్లగానే తానే ఒక కాపీని సెంట్‌లో పెట్టేస్తుంది. అందుకని థండర్‌బర్డ్ తన కాపీ పెట్టడం మానుకుంటుంది. తాను కాపీ పెట్టినప్పుడే "పంపిన తర్వాత" ఫిల్టరుకు పట్టుకోవడానికి ఏదైనా ఉంటుంది. కాబట్టి జీమెయిల్ ఖాతా సెంట్ మీద చేత్తో ఫిల్టరు నడపడం, లేదా పుస్తకం షరతుతో సేవ్డ్ సెర్చ్ పెట్టుకోవడం మేలు.

ఇక గ్రూపు గంట. గ్రూపుకు రాసిన మెయిల్ మీకు తిరిగి రావడం తప్పేమీ కాదు, మీరూ అందులో సభ్యులే కదా. గ్రూపు మెయిల్‌మ్యాన్ అనే గ్రూపు సాఫ్ట్‌వేరు మీద నడుస్తుంటే సభ్యుల పేజీలో "నేను రాసినవి నాకు పంపాలా" అనే ప్రశ్న ఉంటుంది, వద్దని చెబితే సరి. అది లేకపోతే ఆఫీసు ఖాతా కింద రెండో ఫిల్టరు రాయండి. ఈసారి టిక్ "కొత్త మెయిల్ వచ్చినప్పుడు" అనేదానికే. షరతులు రెండు, రెండూ నిజం కావాలి: ఫ్రమ్ "నేను" పుస్తకంలో ఉండాలి, ఏ గ్రూపు నుంచి వచ్చిందో చెప్పే లిస్ట్-ఐడీ హెడర్‌లో గ్రూపు గుర్తు ఉండాలి. లిస్ట్-ఐడీ జాబితాలో కనిపించకపోతే చివరన "కస్టమైజ్" నొక్కి ఆ హెడర్ పేరు చేర్చుకోవచ్చు. చర్యలు: చదివినట్టు గుర్తు పెట్టు, "నాది" ట్యాగ్ పెట్టు. దాంతో ఇది చదవని మెయిళ్ల లెక్కలో చేరదు, స్కానర్ పంపినవీ ఇందులో ఇరుక్కోవు.

"కొన్ని పట్టుకుంది, కొన్ని వదిలేసింది" అన్నారు కదా, దానికి నా అనుమానం ఇది. తిరిగి వచ్చిన మెయిల్‌ను తెరిచి ఫ్రమ్ దగ్గర జాగ్రత్తగా చూడండి. మీ పేరు తర్వాత "వయా" అని, ఆ తర్వాత గ్రూపు పేరు ఉందా? చిరునామా మీది కాకుండా గ్రూపుది ఉందా? 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు డీమార్క్ నియమాన్ని "తిరస్కరించు" అని మార్చింది. అంటే, యాహూ చిరునామా ఫ్రమ్‌లో ఉండి యాహూ ధ్రువీకరణ లేకుండా వచ్చిన మెయిల్‌ను అందుకున్న సర్వరు తిప్పికొట్టాలి. గ్రూపులు చేసే పనే ఇంకొకరి ఫ్రమ్‌తో మెయిల్‌ను అందరికీ మళ్లీ పంపడం. పైగా దారిలో విషయం గీతకు ముందు గ్రూపు పేరు, కింద తోక జోడించి డీకిమ్ సంతకాన్ని చెడగొడతాయి. దాంతో యాహూ సభ్యుల మెయిళ్లు తిరగబడి, గ్రూపులు కకావికలయ్యాయి. అప్పటి నుంచి గ్రూపు సాఫ్ట్‌వేర్లు ఇలాంటి కఠిన నియమం ఉన్న డొమైన్ల మెయిల్‌కు ఫ్రమ్‌ను మార్చి, తమ చిరునామా పెట్టి పంపడం నేర్చుకున్నాయి. మీరు ఆఫీసు డొమైన్ నుంచి రాస్తే ఒక రకంగా, జీమెయిల్ నుంచి రాస్తే మరో రకంగా తిరిగి రావడం ఇందువల్లే కావచ్చు.

అలా మార్చిన మెయిల్‌లో మీ ఆనవాలు వేరే గీతల్లో దొరుకుతుంది. గూగుల్ గ్రూపైతే "ఎక్స్-ఒరిజినల్-ఫ్రమ్" అనే గీతలో, మెయిల్‌మ్యాన్ అయితే ఎక్కువగా రిప్లై-టు లేదా సీసీ గీతలో మీ చిరునామా ఉంటుంది. వీటన్నిటికంటే నేను నమ్మేది మెసేజ్-ఐడీని. ప్రతి మెయిల్‌కూ పుట్టుకతో వచ్చే గుర్తు అది, గ్రూపు గుండా వెళ్లినా మామూలుగా మారదు. సెంట్‌లోని కాపీకీ, తిరిగి వచ్చిన కాపీకీ అది ఒక్కటే.

థండర్‌బర్డ్ ఈ గుర్తు చివర మీ చిరునామాలోని డొమైన్ పేరు తగిలిస్తుంది. మీ ఆఫీసులో అందరిదీ ఒకే డొమైన్ కాబట్టి ఇది ఉన్నపళంగా పనికిరాదు. కానీ ఆ తోకను మార్చుకునే వీలుంది. సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ అడుగున ఉండే కాన్ఫిగ్ ఎడిటర్ తెరవండి. అక్కడ "యూజర్‌ఈమెయిల్" అని వెతికితే మీ ప్రతి గుర్తింపుకూ ఐడీ1, ఐడీ2 అని ఉన్న సంఖ్య తెలుస్తుంది. "మెయిల్.ఐడెంటిటీ" తర్వాత చుక్క, ఆ ఐడీ సంఖ్య, చుక్క, పెద్ద అక్షరాల్లో "ఎఫ్‌క్యూడీఎన్" అనే పేరుతో కొత్త స్ట్రింగ్ విలువ సృష్టించి, మీ ఆఫీసు డొమైన్‌కు ముందు మీ పొడి అక్షరాలతో ఒక ఉపడొమైన్ పేరు రాయండి. ఇకపై మీరు పంపే ప్రతి మెయిల్ మెసేజ్-ఐడీ ఆ తోకతోనే పుడుతుంది. ఫిల్టరులో మెసేజ్-ఐడీ హెడర్ చేర్చి "ఈ తోక ఉంటే" అని షరతు పెడితే, ఫ్రమ్‌ను ఎవరు ఎలా మార్చినా మీ మెయిల్ మీకు దొరుకుతుంది.

దీనితో వచ్చే కొసరు లాభం అసలు లాభం కంటే పెద్దది. ఎవరైనా మీ మెయిల్‌కు జవాబిస్తే, వారి మెయిల్‌లోని "రిఫరెన్సెస్" గీతలో మీ మెసేజ్-ఐడీ చేరుతుంది. కాబట్టి రిఫరెన్సెస్‌లో మీ తోక ఉన్నవాటికి "నాకు జవాబు" అని మరో ట్యాగ్ పెట్టే ఫిల్టరు రాయవచ్చు. గ్రూపులో రోజంతా పారే ప్రవాహంలో మీరు పాల్గొన్న చర్చలు మాత్రమే మెరుస్తాయి. ఫోను నుంచి పంపినవాటికి ఈ తోక ఉండదు, అంతవరకు లోటే.

మీ సహోద్యోగులు వేరే సాఫ్ట్‌వేర్లు వాడతారన్నారు, వారికోసం క్లుప్తంగా. జీమెయిల్‌ను బ్రౌజరులో వాడేవారు వెతుకు పెట్టెలో ఇంగ్లిషు అక్షరాలతో "ఫ్రమ్:మీ" అని కొడితే తాము రాసినవి వస్తాయి. ముందు మైనస్ గుర్తు పెడితే తమవి కానివి రావాలి గానీ, సంభాషణల వరుస ఆన్‌లో ఉన్నంతకాలం, ఇతరుల మాట ఒక్కటి ఉన్నా సంభాషణ మొత్తం, మీ జవాబులతో సహా, తెర మీదకు వస్తుంది. విడి మెయిళ్లు కావాలంటే సెట్టింగ్స్‌లో జనరల్ కింద సంభాషణ వీక్షణను ఆపాలి. గ్రూపుకు తాము రాసినది తమకు రాలేదని జీమెయిల్ వాడేవారు అడుగుతూనే ఉంటారు. అది వచ్చింది. సెంట్‌లోని కాపీ ఇదేనని జీమెయిల్ గుర్తుపట్టి, ఇన్‌బాక్స్‌లో రెండోసారి చూపించదు. మీకు గంట ఎక్కువై బాధ, వారికి గంట లేక బాధ.

పాత ఔట్‌లుక్‌లో రూల్స్ విజార్డ్ తెరిచి "నేను పంపే మెయిళ్ల మీద" అనే రకాన్ని ఎంచుకుంటే, పంపినదాని కాపీని కావలసిన ఫోల్డరులో పెట్టించవచ్చు. తరలించడం కుదరదు, కాపీ మాత్రమే, అదీ ఆ కంప్యూటర్‌లో ఔట్‌లుక్ తెరిచి ఉన్నప్పుడే. జవాబును అసలు మెయిల్ పక్కనే దాచే టిక్ అక్కడ కూడా ఆప్షన్స్‌లో మెయిల్ పేజీలో ఉంది, ఇన్‌బాక్స్ కాని ఫోల్డర్లకు పనిచేస్తుంది. ఆపిల్ మెయిల్‌లో స్మార్ట్ మెయిల్‌బాక్సు పెట్టేటప్పుడు "సెంట్‌లోనివి కూడా చేర్చు" అనే టిక్ మరవకూడదు. నల్ల తెర మీద మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడే పెద్దలకు నేను చెప్పేదేమీ లేదు. అందులో "ఆల్టర్నేట్స్" గీతలో సొంత చిరునామాలన్నీ ఒకసారి రాస్తే, టిల్డ గుర్తు పక్కన పెద్ద "పి" కొట్టగానే తమ మెయిళ్లన్నీ వస్తాయి.

పంపేవి తనకే బీసీసీ పెట్టుకోవడం గురించి కూడా అడిగారు. పనిచేస్తుంది. అలా వచ్చిన కాపీ బయటి నుంచి గుమ్మం గుండా వస్తుంది కాబట్టి సర్వరు ఫిల్టర్లు దాన్ని పట్టుకుంటాయి, ఫోను నుంచి పంపినవాటికీ వర్తిస్తుంది. కానీ ప్రతి మెయిల్‌కూ రెండు కాపీలు, వెతికినప్పుడల్లా రెండేసి ఫలితాలు. పీడీఎఫ్‌లు జతచేసి పంపే ఆఫీసుల్లో పెట్టె త్వరగా నిండుతుంది. నేనైతే చేయను.

పుస్తకం, ట్యాగ్, మొదటి ఫిల్టరు ముందు పెట్టండి. రెండు రోజులు వాడి, గ్రూపు నుంచి తిరిగి వచ్చినవాటిలో ఇంకా ఏదైనా తప్పించుకుంటే దాన్ని తెరిచి కంట్రోల్‌తోపాటు "యు" నొక్కండి, మెయిల్ మూలం కనిపిస్తుంది. ఫ్రమ్, రిప్లై-టు, ఎక్స్-ఒరిజినల్-ఫ్రమ్, లిస్ట్-ఐడీ, మెసేజ్-ఐడీ గీతలు మాత్రం తీసి, చిరునామాల్లో పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి. క్లయింట్ల పేర్లున్న విషయం గీతను మాత్రం పెట్టకండి.